పుణె మీదుగా అబ్దుల్లాపూర్‌మెట్‌కు

ఎల్‌బీ నగర్‌లో విజయవాడ రోడ్డు పక్కనే అండాలమ్మ పిండి గిర్ని. నల్గొండ పల్లె నుంచి వచ్చి, భర్త పోయాక కూడా దాన్ని ఒంటిచేత్తో నడిపిన మనిషి. డబ్బా పట్టుకుని ఎవరొచ్చినా ముందు రెండు మాటలు అడిగేది: ‘‘ఏ ఊరు బిడ్డా? తిన్నవా?’’ జవాబు చెప్పనివాళ్ల బియ్యం పట్టదని గిట్టనివాళ్లు అనేవారు. అబద్ధం. పట్టేది, కాకపోతే మళ్లీ అడిగేది.

అలాంటి గిర్ని పోయిన వేసవిలో మూలపడింది. లోపలి రాళ్లు నున్నగా అరిగిపోయాయి. వాటికి ఉలితో గాట్లు పెట్టించకపోతే పిండి సరిగ్గా నలగదు, వేడెక్కి మాడువాసన వేస్తుంది. ఎప్పుడూ గాట్లు పెట్టే ముసలాయన కాలం చేశాడు. దిల్‌సుఖ్‌నగర్ దాకా ఎవరినడిగినా ఆ పని చేసేవాళ్లు ఇప్పుడెక్కడున్నారు అన్నవాళ్లే. రాళ్లు అవతల పారేసి షట్టర్ కిరాయికిచ్చేయమని అల్లుడు సలహా చెప్పాడు. సలహాకేం, మర పట్టించాల్సిన పని లేదుగా! ఆ మాట విన్నాక అండాలమ్మ షట్టర్ తాళంచెవి తీసి కొంగున ముడేసుకుంది.

ఆమెతో సమానంగా కంగారుపడింది సీతామహాలక్ష్మి. ఈవిడది భీమవరం, చైతన్యపురి హాస్టళ్లకు జంతికలూ చేగోడీలూ చేసి అమ్ముతుంది. ఈ గిర్ని పిండి లేకపోతే ఆవిడ చేగోడీ విరగదు, సాగుతుంది. ఉద్యోగస్తులూ వ్యాపారస్తులూ పరిచయాలు పెంచుకునే ఒక సైటులో ఆవిడకు ఖాతా ఉంది. గాట్లు పెట్టేవాళ్లు దొరుకుతారేమోనని అండాలమ్మకూ ఒకటి తెరిచింది.

‘‘మీ ఫొటో పెడదామండీ.’’

‘‘నాదెందుకు? గిర్నిది పెట్టు. పనిజేసేది అదే గదా.’’

అంతకుముందు దసరా నాడు పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసిన గిర్ని ఫొటో ఎక్కింది. ఇక ఎవరెవరితో పరిచయం కావాలో వెతికి సీతామహాలక్ష్మి బటన్ నొక్కింది. వాళ్లు సరేనన్నదే తడవు, అండాలమ్మ మైకు నొక్కి మాట్లాడేది, ఫోను రాసి పంపేది. మేనేజరైనా, మోటార్ల డీలరైనా అందరికీ అవే మాటలు: ఏ ఊరు బిడ్డా? తిన్నవా?

అది చూసి సీతామహాలక్ష్మి తల పట్టుకుంది. ‘‘అయ్యో, ఇది పేరంటం కాదండీ! ఇక్కడ పని మాటలే మాట్లాడాలి. మనల్ని తీసి పారేస్తారు.’’

‘‘తిన్నవా అంటె తీసేస్తరా? గసొంటోళ్లతోని మనకేం పని?’’

కొందరు నిజంగానే తీసేశారు. కొందరు ఉలకలేదు, పలకలేదు. కానీ నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఈ ఊరికేమో పొలిమేరే లేదు. కోయంబత్తూరులో పంపుసెట్లమ్మే చిత్తూరు మనిషి, దోసె తిన్నానని రాశాడు. దుబాయి నుంచి ఇంకొకాయన, ఇంకా తినలేదమ్మా, మీటింగులో ఉన్నానన్నాడు. అండాలమ్మ కళ్లద్దాలు సర్దుకుని ఆ పేర్లన్నీ చదువుతూ ముక్కున వేలేసుకుంది. తలుపు మూసిన గిర్నిలోకి ఇంతమంది ఎట్లా వస్తున్నారు! అయితే ఏం, ఒక్కరి చేతిలోనూ ఉలి లేదు. అవతల అల్లుడు ఫోను కవర్ల దుకాణం పెట్టేవాడిని మాట్లాడాడు, వాడు మర్నాడు షట్టర్ చూడ్డానికి వస్తున్నాడు.

ఆ సాయంత్రం జ్యోతిక అనే అమ్మాయి జవాబు వచ్చింది. ‘‘మాది అబ్దుల్లాపూర్‌మెట్ పెద్దమ్మా. పుణెల మిషిన్ల కంపెనీల చేస్తున్న. తిన్న. మీ గిర్ని ఫొటో జూస్తె మా పెదనాయన లచ్చయ్య యాదికొచ్చిండు. గిర్ని రాళ్లకు గాట్లు పెడ్తుండె. ఇప్పుడు గ్రానైటు మీద ఇంటిపేర్లు చెక్కుతుండు. మీకేమన్న పనుంటె చెప్పున్రి.’’

అండాలమ్మ ఆ జవాబును మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. సీతామహాలక్ష్మే మైకు నొక్కి గబగబా సంగతంతా చెప్పింది.

తెల్లారి లచ్చయ్య గోనెసంచిలో ఉలులు వేసుకుని బస్సు దిగాడు. గిర్ని ముందు నిలబడి బిత్తరపోయాడు. ‘‘గిదేనా? నా పని దిల్‌సుఖ్‌నగర్‌ల. రోజు గీ తొవ్వనే పోత. షట్టర్ మూసుంటె, ప్యాకెట్ పిండి కాలమొచ్చె, గిది గూడ బందైందనుకున్న.’’

‘‘చంకలో పిల్లనుంచుకుని ఊరంతా వెతికామండీ,’’ అంది సీతామహాలక్ష్మి. ‘‘ఊరేమిటి, దేశమంతా!’’

‘‘ఇంటి ముంగటి మనిషిని జూపెట్టనీకి గా పుణె దాక పోయొచ్చిందా గీ ఫోను!’’ అంది అండాలమ్మ. దానికి దండం పెట్టాలనిపించింది. పెట్టింది కూడా.

లచ్చయ్య రాయి దింపించి పనికి కూర్చున్నాడు. ఫోను కవర్లవాడు వచ్చి, ఉలి చప్పుడు విని, వచ్చిన దారినే వెళ్లిపోయాడు. రాళ్లు మళ్లీ బిగించాక తొలి వాయి రాతిపొడితో పోయింది, పారబోశారు. రెండో వాయికి అండాలమ్మ అరచెయ్యి పట్టింది. పిండి మెత్తగా పడుతోంది. మాడువాసన లేదు. ఆమెకు ఏడుపాగలేదు.

‘‘ఏండ్లాయె గీ పని చెయ్యక,’’ అన్నాడు లచ్చయ్య ఉలులు తుడుస్తూ. ‘‘ఇదే ఆఖరనుకుంట.’’

సీతామహాలక్ష్మి తిరుగుతున్న గిర్ని వీడియో తీసి సైటులో పెట్టింది. లచ్చయ్య టీ తాగి, సంచి పట్టుకుని లేస్తుండగానే ఫోను మోగింది. సూర్యాపేటలో గిర్ని నడిపే ఆయనెవరో రాశాడు: మా రాళ్లు గూడ అరిగినయ్, గా ఉలాయన మా దిక్కొస్తడా?

అండాలమ్మ పైకి చదివింది. లచ్చయ్య సంచి కింద పెట్టేశాడు. అది చూసి ఆమె మైకు నొక్కింది.

‘‘ఒస్తడు బిడ్డా. గని ముందుగాల చెప్పు, తిన్నవా?’’