వెళ్ళొస్తానన్న మాట

కనకాలపేట క్రైస్తవుల ఇళ్ళలో ఆడమనిషి కన్నుమూస్తే స్నానం చేయించి, తెల్లచీర కట్టి, తల దువ్వేది దీవెనమ్మే. ముప్పయ్యేళ్ళుగా ఆ ఇళ్ళలో ఆమె కాఫీ చుక్క కూడా ముట్టలేదు. "దేవుడి పని కదమ్మా" అంటుంది. చావింటి నుంచి వెళ్ళొస్తానని చెప్పి రాకూడదు గనక, పని కాగానే తలవంచుకుని గడప దాటేస్తుంది. చావిల్లు కాని ఇంటికి ఆమెకు పిలుపే రాదు. మానేద్దామని రెండుసార్లు అనుకుంది గానీ, ఆ పనికి ఇంకెవరూ ముందుకు రారు.

ఊళ్ళో ఫ్రెంచి జెండా దించిన మరుసటేడు చెల్లెలి కూతురు రూతుకు ఆడపిల్ల పుట్టి, చూడ్డానికి రమ్మని కబురు చేసింది. దీవెనమ్మ మూడుసార్లు చేతులు కడుక్కుని, వాటిని వెనక్కి పెట్టుకుని మంచం పక్కన నిలబడింది.

"చూత్తావేంటి పెద్దమ్మా, ఎత్తుకో," అంది రూతు.

ఎత్తుకుంది. బిడ్డ ఒళ్ళు వెచ్చగా మోచేతికి తగులుతుండగానే వీధిలోంచి మెట్టకూరు నుంచి వచ్చిన ఏలియా గొంతు వినిపించింది.

"మాయమ్మ పోయిందత్తా. నువ్వొత్తే గానీ అవ్వదు."

ఆమె బిడ్డను తల్లి పక్కన పడుకోబెట్టి, అలవాటుగా తలవంచుకుని గడప దాటింది.

"పెద్దమ్మా," రూతు బిడ్డను దగ్గరికి లాక్కుంది. "ఎల్లొత్తానని చెప్పెల్లు."

దీవెనమ్మ వెనక్కి తిరిగింది. అరుగు కింద ఏలియా కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆమె నోరు తెరిచింది గానీ, ముప్పయ్యేళ్ళుగా మింగుతూ వచ్చిన ఆ మాట పైకి రాలేదు.