మూడో జడ్జి కుర్చీ

నా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో మా మగ్గాల వీధి చివర పొడుగాటి ఖాళీ జాగా ఒకటి ఉండేది. పొద్దున్నే అక్కడ పడుగు, అంటే బట్టకు నిలువు దారాలు, సాగదీసి, నూలుకు గంజి పట్టించి, ఎండబెట్టేవాళ్లు. ఇళ్లలో అంత చోటుండదు. ఆ జాగా లేకపోతే మగ్గం ఆడదు. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజుల్లో ఆదోని షావుకారొకాయన అది తాను కొన్నానని చుట్టూ గోడ పెట్టాడు. కింది కోర్టు ఆయనకే తీర్పిచ్చింది. మావాళ్లు హైకోర్టుకు వెళ్లారు.

ఒక మధ్యాహ్నం మా వకీలు గుమాస్తా ఆదోని నుంచి బస్సు దిగి వచ్చాడు. "ఒక జడ్జి మీకిచ్చినాడు, ఇంకొకాయన షావుకారుకిచ్చినాడు. మూడో జడ్జి తేల్చాల. ఆ కుర్చీ ఖాళీగా ఉందప్పా. కొత్తాయన్ను వేసేదాకా కింది కోర్టు మాటే నడుస్తాది," అన్నాడు.

చివరి మాట ఎవరూ వినిపించుకోలేదు. "సగం గెలిచినాం!" అని బెల్లం పంచారు. మూడో ఓటు అమ్మవారినే అడుగుదామని గుడికి పోయారు. విగ్రహం కుడివైపు నుంచి పువ్వు రాలింది, అమ్మవారి ఓటు మనకేనని కేకలు వేస్తూ వచ్చారు.

"ఆ పువ్వుకు హైకోర్టులో కుర్చీ ఏసినారా?" అన్నాడు మా తాతయ్య.

"నీకు దేవుడంటే లెక్కలేదులే పెద్దాయనా," అని ఎవరో ఎగతాళి చేశారు.

తాతయ్య అరుగు మీద చాప పరిచి పక్కింటి అక్కను కూర్చోబెట్టాడు. నన్ను ఎండలో నిలబెట్టాడు. "ఈ చాప ఎవరిదో తేల్చాల. పాపకొక ఓటు, ఆయమ్మికొక ఓటు. మూడో ఓటేసేటోడు ఊర్లో లేడు. వచ్చేదాకా ఎవరూ కదలగూడదు," అన్నాడు.

అందరూ నవ్వారు. కాసేపటికి నా కాళ్లు కాలాయి. "తాతా, ఇద్దరికీ సమానమే గదా, నేనే ఎందుకు నిలబడాల?" అని ఏడ్చాను. అక్క లేవబోయింది. తాతయ్య లేవనివ్వలేదు.

"ఇన్నారా అప్పా? సమానమంట!" అన్నాడు వీధివాళ్లతో. అప్పుడు నవ్వు ఆగిపోయింది. బెల్లం చేతిలో పట్టుకున్నవాళ్లు అలాగే నిలబడిపోయారు.

మూడో జడ్జి ఆ ఏడు రాలేదు, మరుసటేడూ రాలేదు. సందులో పడుగు సాగదీస్తే బండ్లు తొక్కి తెంపేవి. ఒక్కో ఇంట్లో మగ్గం ఆగిపోతూ వచ్చింది. నేసిన చేతులు ఆదోని పత్తి మిల్లుల్లో మూటలెత్తడానికి పోయాయి. గోడ చెక్కుచెదరలేదు. చివరికి కొత్త జడ్జి వచ్చి జాగా మా వీధివాళ్లదేనని తీర్పిచ్చాడు. ఆ కబురు తెచ్చిన గుమాస్తాను మా తాతయ్య ఒకటే అడిగాడు: "ఇప్పుడు ఆడ పడుగు సాసేటోళ్లు యాడుండారప్పా?"

గుడికి పోయినవాళ్ల మీద నాకిప్పుడు కోపం లేదు. వాళ్లు పువ్వును నమ్మారు, మూడో జడ్జి వస్తే అంతా తేలిపోతుందని మా వకీలు ఖాళీ కుర్చీని నమ్మాడు. రెండూ వేళకు పలకలేదు. ఈ వయసులోనూ ఎవరైనా రెండు పక్షాలూ సమానమే, కొంచెం ఓపిక పట్టమని చెబితే నా ఒళ్లు మండుతుంది. ఈలోగా చాప మీద కూర్చునేదెవరు, ఎండలో నిలబడేదెవరని అడుగుతాను.