మా కాలవతో నేర్చుకున్న పైతాన్

పైతాన్ అనే కంప్యూటరు భాష నేను కోపంతో నేర్చుకున్నాను. ఎవరైనా అడిగితే ఆసక్తి కొద్దీ అని చెబుతుంటాను గానీ అది అబద్ధం. మా తమ్ముడి తల పగలగొట్టినవాళ్ళను రుజువుతో సహా పట్టుకోవాలని నేర్చుకున్నాను.

తెనాలిలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతాను. వచ్చే ఏడాది నుంచి పిల్లలకు పైతాన్ కూడా మీరే చెప్పాలి మేడమ్ అన్నారు కాలేజీవాళ్ళు. పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు, ప్రభుత్వం వెబ్‌సైట్లలో పెట్టే వివరాలేవైనా తీసుకుని చేసి చూడండి అని తోటి లెక్చరరు సలహా ఇచ్చాడు. బాపట్ల జిల్లా వరి దిగుబడులు దించుకుని, మండలాల వారీగా కూడుతూ, ఆవలిస్తూ కూర్చున్నాను. ఆ రోజుల్లోనే పుట్టింటి నుంచి ఫోను వచ్చింది.

మా పుట్టిల్లు రేపల్లె అవతల, కాలవ చిట్టచివర. నాట్లు పడ్డాక నీళ్ళు చాలవు కాబట్టి పై ఊరికీ మాకూ వంతులుంటాయి. మూడు రోజులు వాళ్ళవి, మూడు రోజులు మావి. వాళ్ళ వంతులో వాళ్ళ షట్టరు ఎత్తి ఉంటుంది, నీళ్ళు అటు మళ్ళుతాయి. మా వంతు రాగానే అది మూస్తే కిందికి, మా పొలాలకు వస్తాయి. ఆ బుధవారం మా వంతు. తెల్లవారకముందే మా తమ్ముడు వెళ్ళి చూస్తే షట్టరు ఎత్తే ఉందట. మూశాడు. కాపలా ఉన్న పై ఊరివాళ్ళు వచ్చి పార తిరగేసి నెత్తిన కొట్టారు. కాలవలో పడ్డవాణ్ణి జుట్టు పట్టి లేపి మళ్ళీ కొట్టారు.

తెనాలి ఆసుపత్రిలో వాడి చొక్కా నేనే కత్తిరించి తీశాను. నెత్తురు గడ్డకట్టి బట్ట వీపుకు అంటుకుపోయింది. ఒక చెవి వినపడటం లేదన్నాడు. ఆ క్షణాన కొట్టినవాడు ఎదురుగా ఉంటే నా చేతిలో కత్తెర ఊరుకునేది కాదు.

నాన్న, బాబాయి ఆసుపత్రి వరండాలోనే తీర్మానించేశారు. "మనవాడికి తల పగిలింది. వాళ్ళకి కాళ్ళు విరగాలి," అన్నాడు బాబాయి. నేను అడ్డం పడ్డాను. దయతో కాదు, వాళ్ళ తప్పు ఊళ్ళన్నిటి ముందూ తేలాలని. "ఆదివారం దాకా ఆగు నాన్నా. కాలవలో నీళ్ళెంత ఎత్తున ఉన్నాయో గంటగంటకీ ప్రభుత్వం వెబ్‌సైట్లో పెడతారు. మన వంతులో నీళ్ళు కాజేశారని గీత గీసి చూపిస్తా. సోమవారం బాపట్లలో అర్జీ పెడదాం." నాన్న నన్ను ఎగాదిగా చూసి సరేనన్నాడు.

తమ్ముడి మంచం పక్కన లాప్‌టాప్ పెట్టుకుని మొదలుపెట్టాను. రాని భాషలో పోట్లాటకు దిగినట్టుంది నా పని. వరుసకు ముందు ఒక్క ఖాళీ తక్కువైనా పైతాన్ ఎర్ర అక్షరాలతో మీద పడేది. మూత దబాలున వేసి, తిట్టి, మళ్ళీ తెరిచేదాన్ని. నేను గీసిన మొదటి గీతలో మా కాలవ పాతాళానికి పోయింది. కాలవలో నీటిని కొలిచే మీటరు పాడైన గంటల్లో ఎత్తు మైనస్ తొమ్మిది వందల తొంభై తొమ్మిది అని వేస్తారట, అది నాకేం తెలుసు? వాటిని వెతికి పీకి పారేయడం నేర్చుకున్నాను. తేదీనీ గంటనూ విడదీయడం నేర్చుకున్నాను. పగ నేర్పినంత త్వరగా ఏ మాస్టారూ నేర్పడు.

మీటరు ఉన్నది పై ఊరి షట్టరు దాటాక, మా ఊరికి ముందు. షట్టరు ఎత్తితే అక్కడ నీరు పడిపోతుంది, మూస్తే లేస్తుంది. శనివారానికి గీత వచ్చింది. వాళ్ళ వంతులో పడింది, మా వంతులో లేచింది. అయితే లేచిన ప్రతిసారీ పొద్దు పొడిచాకే లేచింది. ఆ ఒక్క బుధవారం మాత్రం అర్ధరాత్రి దాటగానే లేచి, కాసేపటికి మళ్ళీ పడింది.

నా ప్రోగ్రామే తప్పనుకుని మొదటి నుంచి రాశాను. అదే గీత.

"ఒరేయ్, షట్టరు ఎప్పుడు మూశావురా?" అని అడిగాను.

"పన్నెండు దాటాకే అక్కా. వంతులన్నీ ఫోన్లో పెట్టుకున్నా. బుధవారం వచ్చిందని మోగింది, వెళ్ళా."

కోపంలో మరిచిపోయిన సంగతి అప్పుడు తట్టింది నాకు. కాలవ మీద రోజు మారేది పొద్దు పొడుపుతో. మంగళవారం రాత్రంతా మంగళవారమే. ఈ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పరు, అందరికీ తెలిసిందే కదా అనుకుంటారు. వ్యవసాయం ఈ ఏడే అందుకున్న మా వాడికి మాత్రం ఫోను చెప్పిందే తేదీ. నీళ్ళు కాజేసింది మేమే.

ఆదివారం మొదటి బస్సుకే రేపల్లె వెళ్ళి, అక్కణ్ణుంచి ఆటోలో ఊరు చేరాను. ఇంటి ముందు మనుషులు పోగయ్యారు, చేతుల్లో కర్రలున్నాయి. నాన్నకు గీత చూపించి తప్పు మనదేనని చెప్పాను.

"నీళ్ళు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు. నీ కంప్యూటరుకేం తెలుసే?" అని బాబాయి కసిరాడు.

నాన్న కసరలేదు. "నాకు తెలుసమ్మాయ్. వాడు ఏ వేళప్పుడెళ్ళాడో విన్నప్పుడే తెలుసు," అన్నాడు.

"తెలిసీ వెళ్తున్నావా?"

"నా కొడుకు నెత్తురు కాలవలో కారింది. ఎవడి వంతులో కారిందని లెక్కలేసుకోనా?"

నేను నాన్న చేతిలో కర్ర పట్టుకున్నాను. బాబాయి నన్ను ఈడ్చి అవతలికి నెట్టాడు. మోచెయ్యి గడపకు కొట్టుకుని చీరుకుపోయింది. వాళ్ళు వెళ్ళారు. మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. అమ్మ వాళ్ళ చేతుల మీద నీళ్ళు పోసింది. అందరూ కూర్చుని అన్నం తిన్నారు. నాన్న మీద నాకంత అసహ్యం మునుపెప్పుడూ కలగలేదు.

మర్నాడు తెనాలి ఆసుపత్రిలో తమ్ముడి గది బయట కూర్చుని ఉంటే ఒక అమ్మాయి వచ్చింది. "అక్కా, కాస్త చార్జరిస్తారా?" అంది. ఇచ్చాను. పక్కనే కూలబడింది.

"మా నాన్నకి రెండు కాళ్ళూ విరగ్గొట్టారండి. కాలవ గొడవంట. ఆ రోజు కాపలాక్కూడా వెళ్ళలేదండి మా నాన్న. అసలు తప్పెవరిదో ఏంటో."

లాప్‌టాప్ ఆమె వైపు తిప్పాను. "మా తమ్ముడు మూశాడమ్మా, మీ వంతులో. మీ నాన్నని కొట్టింది మా నాన్న."

ఆ అమ్మాయి గీత వంక చూడలేదు. లేచి నిలబడి నా చెంప ఛెళ్ళుమనిపించింది. వరండాలో అందరూ ఇటు తిరిగారు.

ఆ దెబ్బ న్యాయమైనది. ఆ సంగతి నాకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. అయినా నా చెయ్యి లేచింది. ఆ పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుంది. లేచిన చెయ్యి దించడానికి నాకు చాలాసేపు పట్టింది.