ఆర్డిస్ కాంగస్ కుట్టిన దుప్పి

ఆర్డిస్ కాంగస్ ఇరవై రెండేళ్లపాటు ఊరి హైస్కూల్లో వంట, కుట్టుపని నేర్పింది. అమెరికాలో సుపీరియర్ సరస్సు ఒడ్డున, రాగి గనులు మూతపడి మంచు మాత్రం మిగిలిన ఊరది. అక్కడి ఆడవాళ్లలో సగంమంది మొదటి ఏప్రన్ కుట్టింది ఆమె దగ్గరే. మాంసమూ బంగాళాదుంపలూ కూరిన పాస్టీని మొదటిసారి మాడ్చిందీ ఆమె దగ్గరే. ఆ క్లాసు ఎత్తేశాక ఆవిడ వేసవి సెలవుల్లో చదువుకుని, యాభై ఏళ్లు దాటాక అదే బడికి కౌన్సిలరుగా తిరిగొచ్చింది. పిల్లలకి మనసు బాగోలేకపోతే కూర్చోబెట్టి మాట్లాడే ఉద్యోగం.

ఆ ఊళ్లో మనసు బాగోలేదని ఒకరి చేత చెప్పించడం కంటే సరస్సు ఎండగట్టడం సులువు. ఎవర్ని పలకరించినా "పరవాలేదు" అంటారు. ఆర్డిస్ మొగుడు వెస్, రంపం కింద వేలు సగం తెగినప్పుడు, తువాలు చుట్టుకుని తనే కారు నడుపుకుంటూ ఆసుపత్రికి పోయి, అక్కడి నర్సుతో కూడా అదే మాటన్నాడు. పిల్లలూ ఆ మట్టిలోంచి మొలిచినవాళ్లే.

అందుకే ఆర్డిస్ ఒక ఉపాయం పన్నింది. ఆ బడిలో క్లాసు మధ్యలో బయటికెళ్లే పిల్లల చేతిలో ఏదో ఒక వస్తువు ఉండాలి. అదే వాళ్ల పాస్. చీటీ ఇస్తే పోగొడతారని ఒక్కో టీచరూ ఒక్కో వింత వస్తువు పెట్టుకున్నారు. లెక్కల సారుది విరిగిన హాకీ కర్ర, కెమిస్ట్రీ మేడంది రబ్బరు చేప. కౌన్సిలరు గదికి వచ్చే పిల్లలు నవ్వుతూ రావాలని ఆర్డిస్ నెల్లాళ్లు కూర్చుని ఒక దుప్పిని కుట్టింది. గోధుమరంగు ఉన్ని ఒళ్లు, లోపల పాత దిండ్ల దూది, చేటల్లాంటి కొమ్ములు, మెడలో ఎర్ర మఫ్లరు. దూడంత ఉంటుంది. దాన్ని ఆఫీసు బల్ల మీద పెట్టింది. కౌన్సిలరు గదికి వెళ్లాలనుకున్నవాళ్లు దాన్ని చంకనెత్తుకుని, భోజనాల హాలూ వ్యాయామశాలా దాటి, వరండా చివరికి రావాలి.

సెప్టెంబరులో ముగ్గురొచ్చారు. అక్టోబరులో ఒక్కరూ రాలేదు. టీచర్ల మీటింగులో ఆర్డిస్ లేచి నిలబడి, "ఈ నెల మన పిల్లల్లో ఒక్కరికీ ఏ బెంగా లేదని చెప్పడానికి సంతోషిస్తున్నాను" అంది. నలుగురూ చప్పట్లు కొట్టారు. ఆఫీసు గుమాస్తా డోరీన్ మాత్రం కాఫీ కప్పులోకి చూస్తూ ఉండిపోయింది.

నవంబరు మొదటి వారంలో ఇంగ్లీషు టీచరు ఒక వ్యాసం తెచ్చి ఆర్డిస్ ముందు పెట్టింది. రాసింది బ్రెన్నా నియెమి. పదకొండో తరగతి, బ్యాండులో ట్యూబా అనే పెద్ద ఇత్తడి బాకా వాయిస్తుంది. వాద్యం వెనకనుంచి రెండు కళ్లే కనబడే పిల్ల. వ్యాసం చివర, "నేను బడికి రాకపోయినా ఎవరికీ తెలియదు. నాకే తెలియడం లేదు" అని ఉంది. ఆర్డిస్ ఆ ముక్క రెండుసార్లు చదివి, బ్రెన్నా తల్లికి ఫోను చేసింది. పిల్లతో కూడా మాట్లాడి, తన గదికి రమ్మంది.

"ఒక్కసారి వస్తాను. ఒక్కసారే" అంది బ్రెన్నా.

మంగళవారం, మూడో పీరియడ్. ఆర్డిస్ దాల్చినచెక్క బిస్కట్లు ప్లేటులో సర్దింది, రుమాళ్ల డబ్బా కనబడీ కనబడకుండా పెట్టింది. పది నిమిషాలైంది. ఇరవై అయింది. తలుపు తీసి చూస్తే, మంచినీళ్ల కుళాయి పక్కన దుప్పి తలకిందులుగా పడి ఉంది. బ్రెన్నా లేదు.

ఆఫీసుకి పరుగెత్తింది. "డోరీన్, ఆ పిల్లేదీ?"

"ఒంట్లో బాగోలేదని సంతకం పెట్టి ఇంటికెళ్లిపోయింది."

"వచ్చిందా అసలు?"

"వచ్చింది. నీ దుప్పిని ఎత్తుకుని బయల్దేరింది కూడా. సరిగ్గా అప్పుడే హాకీ కుర్రాళ్లు వ్యాయామశాలలోంచి ఊడిపడ్డారు. రెండు వరసల్లో నిలబడి దుప్పికి సెల్యూట్ కొట్టారు. ఒకడు ముందు నడుస్తూ నోటితో బాకా ఊదాడు. పెళ్లి ఊరేగింపు అనుకో."

"అయ్యో!"

"అయ్యో ఏంటి ఆర్డిస్? నీ పిల్లలకి బెంగల్లేవనుకున్నావా? అది మోసుకుంటూ వరండాలో నడవడమంటే, నాకు మతి చెడిందహో అని దండోరా వేసుకోవడమే."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"నెల్లాళ్లు కష్టపడి కుట్టావు తల్లీ. ఏ నోటితో చెప్పను?" అంది డోరీన్. తర్వాత గొంతు తగ్గించి, "చెప్పాల్సింది" అంది.

ఆర్డిస్ వెంటనే బ్రెన్నా తల్లికి ఫోను చేసింది. పిల్ల ఇల్లు చేరిందట, సూపు తాగి పడుకుందట. "ఒంటరిగా వదలకండి, నేనున్నానని చెప్పండి" అని ఫోను పెట్టేసింది. ఒక్కసారే అంది పిల్ల. ఆ ఒక్కసారీ దుప్పి పాలైంది.

మర్నాడు పీరియడ్లు మారే వేళ, వరండా కిటకిటలాడుతుండగా, ఆర్డిస్ ఆఫీసుకెళ్లి దుప్పిని తనే ఎత్తుకుంది. ఆ నడక ఎలా ఉంటుందో తెలుసుకోవాలనుకుంది. నాలుగడుగుల్లోనే తెలిసిపోయింది. కొమ్ముకి కళ్లజోడు గొలుసు చిక్కుకుంది. విడిపించుకోబోతే మఫ్లరు కాళ్లకి చుట్టుకుంది. వెనకనుంచెవరో, "మిసెస్ కాంగస్, మీకేం కష్టమొచ్చింది?" అన్నారు. వరండా అంతా ఘొల్లుమంది. ప్రిన్సిపాల్ ట్రెజోనా కూడా నవ్వి, ఆ నవ్వుని దగ్గుతో కప్పేసుకున్నాడు. ఈ బడిలో ముప్పై ఏళ్లుగా తెలిసిన మనిషికే చెవులు కాలిపోతుంటే, పదహారేళ్ల పిల్ల గతేంటి? గది చేరేసరికి ఆర్డిస్ వీపంతా చెమట. దుప్పిని బీరువాలో కుక్కి తాళం వేసింది.

సాయంత్రం బస్సుల దగ్గర, మంచుగుట్ట పక్కన బ్రెన్నా ఒక్కతే నిలబడి ఉంది. ఆర్డిస్ వెళ్లి ఎదురుగా కాక పక్కన నిలబడింది. ఆ ఊళ్లో పక్కన నిలబడితేనే మాటలు వస్తాయి.

"తప్పు నాది, బ్రెన్నా."

"పరవాలేదు."

"పరవా ఉంది. ఇవాళ నేనూ మోశాను దాన్ని."

"తెలుసు. ఎవరో తీసిన వీడియో చూశాను." పిల్ల పెదవి చివర కొంచెం కదిలింది. "అసలు దాన్ని ఎవరు కుట్టారండీ?"

"నేనే."

"బాగా కుట్టారు. కొంచెం చెత్తగా కుట్టుంటే ఎవరూ చూసేవాళ్లు కాదు."

ఆర్డిస్ నవ్వాలో ఏడవాలో తెలియక ముక్కు తుడుచుకుంది. "మరేం చెయ్యమంటావ్? నువ్వే చెప్పు."

బ్రెన్నా బూటుతో మంచు తన్నుతూ ఆలోచించింది. "బాత్రూంకి వెళ్లేవాళ్లని ఎవరూ ఏమీ అడగరు. హాకీ వాళ్లు కూడా అడగరు" అంది. బస్సొచ్చింది. ఎక్కేసింది. వస్తాననలేదు, రాననలేదు.

ఆర్డిస్ తిన్నగా ప్రిన్సిపాల్ గదికి పోయింది.

"ఆడపిల్లల బాత్రూంకీ మగపిల్లల బాత్రూంకీ మధ్య చీపుర్లు పెట్టే గది ఉంది కదా, అది నాకివ్వండి."

"అదా? దానికి కిటికీ లేదు ఆర్డిస్! నీ గదిలో ఎండ పడుతుంది, సరస్సు కనబడుతుంది."

"సరస్సు నాకు కనబడుతోంది సార్. పిల్లలే కనబడటం లేదు."

"పైపులు మోగుతాయి."

"మోగనివ్వండి. ఇన్నాళ్లూ ఆ గదిలో చీమ చిటుక్కుమన్నా వినబడింది, పిల్లలే మాట్లాడలేదు."

శనివారం వెస్ వచ్చి చీపుర్లు బయటికి తీసి గోడకి పసుపు రంగు వేశాడు. మీటింగులో ఆర్డిస్ మళ్లీ లేచి, "పోయిన నెల నేను చెప్పింది తప్పు. మీరు కొట్టిన చప్పట్లు వెనక్కి తీసుకోండి" అంది. ఇకమీదట తన దగ్గరికొచ్చే పిల్లలు బాత్రూం పాస్ పట్టుకునే రావచ్చని, వాళ్లని ఏమీ అడగొద్దని, ఆలస్యమైతే తనే టీచరుకి కబురు చేస్తానని చెప్పింది. కెమిస్ట్రీ మేడం, "అయితే నా చేప నీ దగ్గరికి తరచూ వస్తుందన్నమాట" అంది. అందరూ నవ్వారు. ఎవరూ కాదనలేదు.

వారం గడిచింది. వేరే పిల్లలు ఇద్దరొచ్చారు. ఒకడు హాకీ కుర్రాడే. నోటితో బాకా ఊదినవాడు. వాడేం చెప్పాడో మనకనవసరం.

మంగళవారం మూడో పీరియడ్‌లో తలుపు కొంచెం తెరుచుకుంది. రబ్బరు చేప ముందొచ్చింది, దాని వెనక బ్రెన్నా. కుర్చీలో కూర్చుని చేపని ఒళ్లో పెట్టుకుంది. ఆర్డిస్ కలం తీసి డైరీలో తేదీ వేసుకుంది. బిస్కట్లు ముందుకు తొయ్యలేదు. ఇంతలో గోడవతల ఎవరో ఫ్లష్ లాగారు. పైపులన్నీ గురగుర గుడగుడమని సరస్సంత రొద చేశాయి. బ్రెన్నా ఫక్కున నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే, "ఆగస్టు నుంచీ నాకు నిద్ర పట్టట్లేదండీ" అంది.

ఆర్డిస్ కలం పక్కన పెట్టింది. "చెప్పమ్మా" అంది.

పిల్ల చెప్పింది. అన్నీ కాదు, కొంత. తల్లితో, డాక్టరుతో మాట్లాడదామా అంటే తలూపింది. కన్నీళ్లొచ్చాయి. రుమాళ్ల డబ్బా ఆర్డిస్ పాత గదిలోనే మర్చిపోయింది. ఇద్దరూ కాగితపు తువాలు చింపుకున్నారు. గంట మోగాక కూడా బ్రెన్నా కాసేపు కూర్చుంది. లేచి, తలుపు దగ్గర ఆగి, చేప తోక సర్దుతూ అంది:

"వచ్చే మంగళవారం కూడా నాకు ఇదే టైముకి బాత్రూం వస్తుందండీ."

"సరే" అని, ఆర్డిస్ డైరీలో ఆ గంట ఎదురుగా చిన్న చేప బొమ్మ వేసుకుంది.