మరోమేను కంపెనీ ఉడుంచెయ్యి

మా పెద్దమ్మ కూతురు కట్టుడు పళ్లు చేస్తుంది. ఊళ్లో సగంమంది పెద్దవాళ్లు నవ్వితే బయటపడేది మా అక్క పనితనమే. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తారు. ఆమె అందులో ప్లాస్టర్ పోసి దవడ తయారుచేసి, దాని మీద గులాబీరంగు మైనం పరిచి, పళ్లు ఒక్కొక్కటే పేరుస్తుంది. పనిగది ఇంటి ముందుభాగంలోనే ఉంది. గోడ పొడవునా అరల్లో తెల్లటి దవడలు నోళ్లు తెరుచుకుని కూర్చుంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు ఎటు చూడాలో తెలియక నేలచూపులు చూస్తారు.

ఆ దవడల మధ్యే మేం ఆదివారం మధ్యాహ్నాలు ఆట ఆడేవాళ్లం. పేకాట కాదు, క్యారమ్స్ కాదు. బల్ల చుట్టూ కూర్చుంటాం. ఒకరు ఒక లోకాన్ని కల్పించి చెబుతుంటారు. మిగతావాళ్లు ఆ లోకంలో తలా ఒక మనిషి అవతారమెత్తి, ఇప్పుడు నేనీ తలుపు తడతాను, ఇప్పుడు నేను గోడ దూకుతాను అంటుంటారు. తలుపు తెరుచుకుందో లేదో, గోడ దూకినవాడి కాలు నిలిచిందో విరిగిందో పాచిక తేలుస్తుంది. లోకాన్ని చెప్పేది అక్క. ఆడేది ముగ్గురం: మందుల షాపులో పనిచేసే నేను, బస్సు డ్రైవరైన మా బాబాయి, ప్రింటింగ్ ప్రెస్సులో కాగితాలు కోసే మిషన్ మీద పనిచేసే ఒకాయన. ఆటలో ఆయన అవతారం పేరు కాకి. ఆడగా ఆడగా అసలు పేరు మరిచిపోయి మేమంతా ఆయన్ని కాకి అనే పిలిచేవాళ్లం. అక్క మాత్రం మర్యాద తప్పకుండా "కాకిగారూ" అనేది.

అక్క కల్పించిన లోకం ఇంకా రాని కాలంలోని ఒక మహానగరం. అక్కడ ఎప్పుడూ ముసురే. ఆ నగరాన్ని ఏలేది మరోమేను అనే కంపెనీ. అది కొత్త అవయవాలు అమ్ముతుంది. చీకట్లో చూసే డేగకన్ను, గోడ అవతలి గుసగుసలు వినే పాముచెవి, మెట్ల మీద చప్పుడు కాని పిల్లిపాదం, పట్టుకుంటే వదలని ఉడుంచెయ్యి. సరుకు కావలసినవాళ్లు తమ సొంత అవయవాన్ని కోయించుకుని కంపెనీకి ఇచ్చేయాలి. ఒకసారి ఇచ్చింది తిరిగి రాదు. కంపెనీ గుమస్తా వేషం కూడా అక్కదే. ముక్కుతో మాట్లాడుతూ, "పుట్టుకతో వచ్చింది చాలడం లేదా అండీ? లోపలికి దయచేయండి" అనేది. బాబాయి పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

కాకి మొదటి ఆదివారమే ఎడమ చెయ్యి ఇచ్చేసి ఉడుంచెయ్యి పెట్టించుకున్నాడు. దాంతో తాళాలు పీకాడు, రైలుపెట్టెకి వేలాడాడు, బాబాయి అవతారాన్ని భవనం మీద నుంచి పడిపోకుండా చొక్కా కాలరు పట్టుకుని ఆపాడు. అక్కని "కంపెనీగారూ" అని పిలిచేవాడు. "కంపెనీగారూ, మీ చేతికి గోళ్లు పెరగవా? కత్తిరించుకునే పని తప్పిందన్నమాట!" అనేవాడు. అక్క నవ్వు ఆపుకోలేక టీ కోసం వంటింట్లోకి వెళ్లేది. లోపల పెద్దమ్మ, "పెళ్లీడు దాటిపోతున్నా పాచికలు వదలదు" అని గొణిగేది. గొణుగుతూనే కాకి గ్లాసులో మాత్రం చక్కెర ఒక చెంచా ఎక్కువేసేది. పెద్దమ్మకు తెలిసిన సంగతి మాకూ తెలుసు. తెలియనట్టు ఉండేవాళ్లం, అంతే.

ఆ ఏడు వానలు మొదలైన రోజుల్లో ప్రెస్సులో మిషన్ కత్తి కాకి ఎడమ చేతి మీద పడింది. మణికట్టు దాకా పోయింది.

ఆసుపత్రికి బాబాయీ నేనూ వెళ్లాం. అక్క వార్డు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. "నా మొహం చూస్తే ఆయనకి ఏం గుర్తొస్తుందే? ఆ ఎడమ చెయ్యే కదా ఆటలో ఆయన దగ్గర నేను తీసుకుంది!" అంది. ఎంత లాగినా లోపలికి రాలేదు. బయట బెంచీ మీద కూర్చుంది.

చాలా ఆదివారాలు ఆట లేదు. అక్క ఆ వేళకి గది ఊడ్చి, బల్ల మీద మైనపు ముక్కలు తీసేసి, నాలుగు కుర్చీలూ వేసేది. బాబాయి వచ్చి వార్తాపత్రిక చదువుకుని వెళ్లిపోయేవాడు. వీధిలో ఎవరి సైకిలు బెల్లు వినిపించినా అక్క చేతిలో పని ఆగేది. సైకిలు వెళ్లిపోయాక మళ్లీ పళ్లు పేర్చేది.

ఒక ఆదివారం కాకి నిజంగానే వచ్చాడు. చొక్కా ఎడమ చెయ్యి చివర మడిచి పిన్నీసు పెట్టి ఉంది. ఎప్పటి కుర్చీలోనే కూర్చున్నాడు. బాబాయి చదువుతున్న పత్రిక మడిచి పక్కన పెట్టాడు.

"మొదలెట్టండి కంపెనీగారూ," అన్నాడు కాకి. "నేను మరోమేను ఆఫీసుకి వెళ్తున్నాను. ఈ ఉడుంచెయ్యి నాకొద్దు. నా పాతది నాకిచ్చేయమని గుమస్తాని అడుగుతున్నాను."

అక్క ముక్కుతో మాట్లాడలేదు. మామూలు గొంతుతోనే, "ఇచ్చింది తిరిగి రాదండీ. అది కంపెనీ పద్ధతి" అంది.

"ఎక్కడుంది అది? అదైనా చెప్పండి."

"మాకు తెలియదండీ."

"ఆసుపత్రిలోనూ ఇదే మాట," అన్నాడు కాకి. "నా చెయ్యిని ఏం చేశారని అడిగితే అందరూ అటూ ఇటూ చూశారు. పూడ్చారో, కాల్చారో. ముప్పై ఎనిమిదేళ్లు నాతో ఉంది కదా, అడగకూడదా?"

ఆయన కుడిచేత్తో పాచిక తీసుకున్నాడు. "ఆరు పడితే గుమస్తా నా చెయ్యి వెతికి ఇవ్వాలి. సరేనా?"

అక్క తలూపింది. పాచిక దొర్లి దొర్లి ప్లాస్టర్ గిన్నెకి తగిలి ఆగింది. పడింది రెండు. అక్క చటుక్కున దాని మీద అరచెయ్యి వేసింది. "దొరికింది," అంది. "గిడ్డంగిలో ఉంది. రండి, చూపిస్తాను."

పాచిక విషయంలో అక్క ఎంత కచ్చితమో మాకు తెలుసు. నా అవతారం రెండుసార్లు చచ్చిపోయినా, చెల్లెలినని కూడా చూడలేదు.

కాకి ఆమె చేతిని చూస్తూ ఉండిపోయాడు. "ఎంత పడిందో చూశాను కంపెనీగారూ," అన్నాడు చివరికి. "మీరెప్పుడూ తొండి ఆడలేదు. నా మీద జాలితో మొదలుపెట్టకండి." లేచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

అక్క ఆ రోజు ఏడవలేదు. మర్నాడు బాబాయిని పిలిచి, "ఆయన కుడిచేతి అచ్చు కావాలని చెప్పు. దాన్నిబట్టి ఎడమది మలుస్తాను. పట్టుకునే చెయ్యి కాదు, ఊరికే చూపుకి. ఇష్టం లేకపోతే లేదు. జాలి కాదని మాత్రం చెప్పు" అంది.

"మరేమని చెప్పమంటావ్?" అన్నాడు బాబాయి.

"పని అని చెప్పు."

ఆయన ఒక పొద్దున వచ్చాడు. నేను షాపు తెరిచే ముందు అక్కకి చేతిసాయంగా ఉన్నాను. పళ్ల అచ్చుకి వాడే పిండినే అక్క పెద్ద డబ్బాలో నీళ్లతో కలిపింది. కాకి కుడిచెయ్యి అందులో ముంచాడు. అది గట్టిపడేదాకా కదలకూడదు. కదలకుండా అక్క ఆయన మణికట్టు పట్టుకుని నిలబడింది. ఇద్దరూ గోడ మీది దవడలని చూస్తున్నారు.

"చల్లగా ఉంది," అన్నాడు కాకి.

"కాసేపు ఓర్చుకోండి."

"ఇబ్బంది దీంతో కాదండీ. లేని చెయ్యి దురద పెడుతోంది. చెబితే నవ్వుతారు."

"ఏ వేలు?"

"చిటికెన వేలు."

అక్క నవ్వలేదు. ఒక చేత్తో మణికట్టు పట్టుకునే ఉండి, రెండో చెయ్యి చాచి, మడిచిన చొక్కాకి అవతల, ఏమీ లేని చోట గాలిలో మెల్లగా గోకింది.

"అక్కడ కాదు," అన్నాడు కాకి. "ఇంకొంచెం ఇవతల."

ఆమె ఇవతల గోకింది. "ఆఁ, అక్కడే" అని ఆయన కళ్లు మూసుకున్నాడు. నాకు షాపు గుర్తొచ్చి వెళ్లిపోయాను.

ఆ చెయ్యి చేయడానికి అక్కకి చాలాకాలం పట్టింది. ముందు మైనంతో చేసింది, తర్వాత మెత్తటి సిలికాన్‌తో పోసింది. చర్మం రంగు కుదరక ఎన్నిసార్లు చింపి పారేసిందో. వేళ్ల కణుపుల దగ్గర నలుపు, మణికట్టు దగ్గర పచ్చటి నరం, బొటనవేలి గోటి కింద ప్రెస్సు సిరా మరక కూడా పెట్టింది. ఎడమ చేతి చూపుడు వేలు మీద చిన్న గాటు ఉండేదని నాకు అప్పటిదాకా తెలియదు. ఆమెకి గుర్తుంది.

కాకి దాన్ని తొడుక్కుని బల్ల మీద ఆనించి, అటు తిప్పి ఇటు తిప్పి చూసుకున్నాడు. "ఉడుంపట్టు లేదు గానీ," అన్నాడు, "నాదే." తల వంచుకున్నాడు.

"ఆదివారం వస్తారా?" అని అడిగింది అక్క.

"ఆట ఇక నా వల్ల కాదండీ."

"ఆట లేకపోయినా రావచ్చు."

"తెలుసు," అన్నాడాయన. "కానీ ఈ ఊళ్లో ఏ సందు తిరిగినా ఆ మిషన్ చప్పుడే వినిపిస్తోంది. మా అన్నయ్య తన దగ్గరికి రమ్మంటున్నాడు. అక్కడ ప్రూఫులు దిద్దే పని ఉందట. వచ్చే వారం వెళ్తున్నాను."

అక్క "మంచిది" అంది. ఆయనతో వెళ్దామంటే ఇక్కడ పనిగది ఉంది, పెద్దమ్మ ఉంది. అసలు ఆయన రమ్మననూ లేదు. ఆయన వెళ్లిపోయాక ఎవరివో పై పళ్ల వరుస తలకిందులుగా పేర్చింది. ఆమె చేతిలో అలాంటి తప్పు నేనెన్నడూ చూడలేదు.

సిలికాన్ చెయ్యి శాశ్వతం కాదు. రెండేళ్ల తర్వాత అది బాగుచేతకి పార్సిల్‌లో వచ్చింది. వేలికొసలు చిరిగాయి, ఎండకి రంగు వెలిసింది. అక్క దాన్ని ఒళ్లో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని, ఏ మరక ఎక్కడిదో చూసుకుంది. ఇది టీ. ఇది ఎర్రసిరా. బొటనవేలి మీద ఆమె చూపు ఆగిపోయింది. అక్కడ చిన్న చిన్న గాట్లు, వంకీగా.

"పాలపళ్లు," అంది. "పైవి నాలుగు, కిందవి రెండు. ఏడాది నిండిన పసిపిల్ల."

తర్వాత వారం రోజులు ఆమె నాతో సరిగా మాట్లాడలేదు. చెయ్యి బాగుచేసింది, గాట్ల దగ్గర మాత్రం పూడ్చలేకపోయింది. చివరికి నేనే ఫోన్ కలిపి ఆమె చేతిలో పెట్టాను.

"కాకిగారూ, బొటనవేలు పూడ్చమంటారా, ఉంచమంటారా?" అంది. తర్వాత, "మీకు పాపా?"

అవతల నవ్వు నాకూ వినిపించింది. "నాకెక్కడి పాపండీ! మా అన్నయ్య కూతురు. పళ్లొచ్చినప్పటి నుంచీ ఇంట్లో కనిపించిందల్లా కొరుకుతోంది. ఉంచేయండి, పాపం దాని పని. పార్సిల్ వద్దు, నేనే వచ్చి తీసుకుంటా."

వచ్చాడు. మధ్యాహ్నం భోంచేశాడు. సాయంత్రం బస్సుకి వెళ్లిపోయాడు. ఆ రాత్రికి ఉండిపొమ్మని పెద్దమ్మ బతిమాలినా ఆగలేదు. ప్రెస్సు వీధిలోంచి కాకుండా చుట్టూ తిరిగి బస్టాండుకి వెళ్లాడని బాబాయి చెప్పాడు. అక్క వెళ్లి ఆ ఊళ్లో ఉండలేదు, ఆయన వచ్చి ఈ ఊళ్లో ఉండలేడు. ఈ సంగతి ఇద్దరూ ఒకరితో ఒకరు అనుకున్నారో లేదో నాకు తెలియదు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆట వేళకి ఫోన్ మోగుతుంది. ఆమె పనిగది తలుపు వేసుకుంటుంది.

ఇప్పుడు ఆయన ఏడాదికోసారి వస్తాడు, చెయ్యి బాగుచేయించుకోడానికి. "మొదట్లో రెండేళ్లు వచ్చేది కదే, ఇప్పుడు ఏడాదికే చిరుగుతోందేం?" అని బాబాయి ఒకసారి అడిగాడు.

"ఎండలు ఎక్కువయ్యాయి బాబాయ్," అంది అక్క.

సిలికాన్ పొర ఎంత పల్చగా పోస్తోందో నేను చూస్తూనే ఉన్నాను. ఆయనకీ తెలిసే ఉంటుంది. ఒక్కసారి కూడా గట్టిగా చేయమని అడగలేదు.