పైకర్ర

మా వీధిలో కట్టె కంచె ఉన్న ఇల్లు మాది ఒక్కటే. మిగతా అందరూ ఇటుక గోడలు కట్టుకుని, వాటి మీద గాజు పెంకులు గుచ్చి నిశ్చింతగా పడుకున్నారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మా ఆయనను నేను దెప్పని ఏడాది లేదు. కంచె వేయించింది ఆయనే గానీ కడిగి, గీకి, రుద్ది, నూనె పట్టించింది నేను. కంచె చేను మేసిందంటారు, మా కంచె నన్నే మేసింది.

ఆయన కాజీపేటలో రైల్వే పని చేసి రిటైరయ్యాడు. ఆ పని చేసినన్నాళ్లూ ఇంజన్ల కింద దూరి బతికిన మనిషి. రిటైరయ్యాక షుగర్ కళ్ల మీదికి వచ్చింది. చూపు ఇక నిలవదని దవాఖానలో చెప్పిన తర్వాత ఆయన ఏడవలేదు. తిన్నగా టింబర్ డిపోకు పోయి, ములుగు వైపు నుంచి వచ్చిన నల్లమద్ది కట్టె తెచ్చాడు. వడ్లాయనను పిలిచి వరండా మెట్టు నుంచి గేటు దాకా కంచె వేయించాడు. నేలలో పాతిన గుంజలు, వాటికి అడ్డ పలకలు, అన్నిటి మీద ఆయన నడుము ఎత్తున నున్నగా చెక్కిన ఒక పైకర్ర.

"గేటు కాడికి పోవాల్నంటే ఎవర్నో ఒకర్ని పిలిచే బతుకు నాకొద్దు" అన్నాడు.

గేటును ఆనుకునే బయట వేపచెట్టు కింద సిమెంటు బెంచీ ఉంది. పొద్దున, సాయంత్రం ఆయనతో పనిచేసినవాళ్లు నలుగురు అక్కడ చేరతారు. పోయే బండి గూడ్సా, ప్యాసింజరా, ఎంత ఆలస్యం, ఇవే మాటలు. చూపు పూర్తిగా పోయాక కూడా ఆయన ఎడమ చెయ్యి పైకర్ర మీద వేసుకుని ఒక్కడే పోయేవాడు, ఒక్కడే వచ్చేవాడు. వీధిలో కొత్తగా వచ్చినవాళ్లకు ఆయనకు కళ్లు లేవని చాలా రోజులు తెలిసేది కాదు. ఆ మాట ఎవరైనా అంటే ఆయన ముఖం వెలిగిపోయేది.

ఆ వెలుగుకు నూనె పోసేదాన్ని నేను.

వానలు వెనకపట్టు పట్టి దసరా వస్తుందనగా పని మొదలయ్యేది. వానాకాలమంతా కట్టె నీళ్లు తాగి పచ్చగా పాచి పట్టి ఉంటుంది. సబ్బునీళ్లు చల్లి కొబ్బరి పీచుతో తోమాలి. నాలుగు ఎండలు ఎండనిచ్చి గరుకు కాగితంతో రుద్దాలి. గుంజల మొదళ్లలో చెదలు మట్టి గూళ్లు కట్టుకుంటాయి, పాత కత్తితో గీకి పారేసి, మెకానిక్ దగ్గర తెచ్చిన కాలిన ఇంజన్ ఆయిల్ గుడ్డతో పట్టించాలి. ఆ నూనె వాసనకు చెదపురుగు దగ్గరికి రాదు. నాకూ అన్నం సయించదు.

మొదటి ఏడాది తెలియక పైకర్రకు కూడా అదే నూనె పూశాను. ఆయన యథాప్రకారం పట్టుకుని బెంచీ దగ్గరికి పోయాడు. ముక్కు గోక్కున్నాడు, చెంప తుడుచుకున్నాడు, తెల్ల లాల్చీకి చేతులు రాసుకున్నాడు. ఆ నలుగురిలో ఒక్కరూ చెప్పలేదు. ఇంటికి వచ్చేసరికి మనిషి బొగ్గుబావిలోంచి లేచి వచ్చినట్టున్నాడు. నేను నెత్తి కొట్టుకుంటే, ఆయన అరచేయి వాసన చూసుకుని, "మళ్ల షెడ్డుల డ్యూటీ ఎక్కినట్టున్నది" అని మురిసిపోయాడు. ఆ లాల్చీ ఎన్ని ఉతుకులు ఉతికినా తెల్లబడలేదు. అప్పటి నుంచి పైకర్రకు మాత్రం విడిగా అవిసె నూనె తెచ్చి పట్టించడం ఇంకో పని అయింది.

ఇవి చాలనట్టు కోతులు. హనుమకొండ గుట్టల మీదివో, ఎక్కడివో, మంద మందగా వచ్చి మా కంచె మీదే కూర్చుంటాయి. పక్కింటి గోడ మీద గాజు పెంకులు ఉన్నాయి గదా, వాటికీ తెలివి ఉంది. పొద్దున్నే ఆయన చెయ్యి పెట్టకముందే నేను తడిగుడ్డతో పైకర్రంతా తుడవాలి. ఎన్నికలొస్తే రెండు పార్టీలవాళ్లూ పలకలకు మేకులు కొట్టి జెండాలు కట్టిపోతారు. గెలిచినవాళ్లూ రారు, ఓడినవాళ్లూ రారు. ఆ మేకులు పీకేది నేనే.

కరీంనగర్‌లో ఉన్న మా బిడ్డ ఫోన్ చేసినప్పుడల్లా ఇదే పాట.

"అమ్మా, గోడ కట్టియ్యరాదే. ఊకె ఆ కట్టెల కాడ కూసుంటే మోకాళ్లు ఉంటయా?"

"మీ నాయినను అడుగు" అనేదాన్ని. అది ఆయనను అడిగేది కాదు. నేనూ అడిగేదాన్ని కాదు.

ఎందుకంటే గోడ అంటే పైకర్ర పోవడం, ఆయన వరండాలోనే ఉండిపోవడం. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

పోయిన ఏడాది వానలు తెగక కురిశాయి. దసరా దగ్గరికొచ్చినా కట్టె ఆరలేదు. నా మోకాళ్లు అప్పటికే వంగనంటున్నాయి. చిన్న పీట వేసుకుని, ఒక గుంజ దగ్గర నుంచి ఇంకో గుంజకు పీట జరుపుకుంటూ రుద్దుతున్నాను. సగం అయింది. ఆయన ఎప్పటిలాగే వెనక నుంచి వస్తూ, నేను రుద్దిన చోట అరచేత్తో నిమురుతూ వచ్చాడు. రైల్వేలో పెద్దసార్ల తనిఖీ ఎట్లా ఉండేదో నాకు తెలియదు గానీ ఇంట్లో మాత్రం ఇట్లా ఉండేది.

"ఇక్కడ గరుకున్నది. ఇంకోపారి రుద్దు."

అంతే. ఎన్నేళ్ల కోపమో ఒక్కసారి లేచింది. గరుకు కాగితం విసిరికొట్టాను.

"నీకు పైన కర్ర ఒక్కటే ఎర్క. అది దేని మీద నిలవడ్డదో ఎర్కనా? కూసో. కింద కూసో."

ఆయన బిత్తరపోయాడు. చెయ్యి పట్టి కిందికి గుంజాను. ఆ మనిషి ఆ కంచె ముందు గొంతుక్కూర్చోవడం అదే మొదలు. ఆయన వేళ్లు తీసుకుపోయి గుంజ మొదట్లో పెట్టాను. నొక్కితే కట్టె బిస్కెట్‌లా పొడి అయింది. చెదలు ఆయన వేళ్ల మీద పాకాయి. చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆ గుంజ నుంచి పక్క గుంజకు, దాన్నుంచి ఇంకో దానికి, కూర్చునే జరుగుతూ తడుముకుంటూ పోయాడు. ప్రతి గుంజ మొదట్లో నా కత్తి గీతలు తగిలి ఉంటాయి. పాత నూనె జిడ్డు తగిలి ఉంటుంది. గేటు దాకా పోయి అక్కడే కూలబడ్డాడు. నాకు భయమేసి దగ్గరికి పోయాను.

"గోడనే కట్టిద్దాం తియ్" అన్నాడు.

వద్దనాలి నేను. ఆ మాట ఆయన నోట ఎట్లా వచ్చిందో, దాని కింద ఏముందో నాకు తెలుసు. ఒకటి రెండు గుంజలు మారిస్తే ఇంకో నాలుగేళ్లు నిలబడేదే. కానీ ఆ రుద్దుడు, ఆ వాసన, ఆ పీట అన్నీ కళ్ల ముందు తిరిగాయి. "నీ ఇష్టం" అన్నాను. వెంటనే మేస్త్రీకి ఫోన్ చేసింది కూడా నేనే.

గోడ లేచింది. ఆయన కోసమని ఇనుప పైపు కూడా దానికి బిగించారు. ఆయన ఒకసారి పట్టుకుని చూసి, "దవాఖాన లెక్కున్నది" అని వదిలేశాడు. కొన్నాళ్లు వరండాలోనే కూర్చున్నాడు. బెంచీ మీదివాళ్లు పిలిచారు. మోకాళ్లు నొస్తున్నాయని ఆయన అబద్ధం చెప్పాడు. నొచ్చే మోకాళ్లు నావి. తలుపు సందు నుంచి అది వినలేక బయటికి వచ్చి, "లేవు, పోదాం" అన్నాను.

అప్పటి నుంచి పొద్దున, సాయంత్రం నేనే తీసుకుపోతున్నాను, నేనే తీసుకొస్తున్నాను. నా కుడి భుజం మీద ఆయన ఎడమ చెయ్యి. మెట్టు, గేటు, గుంతలు అన్నీ చూసుకుంటూ మెల్లగా నడుస్తాం. నాలుగడుగులకొకసారి నేనే ఆగుతాను.

"నొస్తాందా?" అని అడుగుతాడు.

"లేదు, నడువు" అంటాను.

ఇంత కాపురం చేశాం గానీ నలుగురు చూస్తుండగా నా మీద చెయ్యి వేసి నడిచిన మనిషి కాదు ఆయన. సిగ్గు. పెళ్లయిన కొత్తలో దానికోసం నేనెంత ఎదురుచూశానో ఆయనకు చెప్పలేదు. ఇప్పుడు రోజూ వేస్తున్నాడు. బరువు తప్ప నాకేమీ తెలియడం లేదు.