ఆగిన గుండె, కదిలే కండ

కరోనాకు ముందటి ఏడాది వానాకాలం. మన తెలుగువాళ్లు వలసొచ్చి స్థిరపడ్డ కామాటిపురలో, ఫాక్‌లాండ్ రోడ్డు వైపు సందులో ఉన్న ఒక చిన్న డిస్పెన్సరీలో నేను ఈసీజీ టెక్నీషియన్‌ని. ఇప్పటికీ అదే పని. ఈసీజీ అంటే గుండెలో కరెంటు నడిచే తీరును కాగితం మీద గీతలుగా గీసే పరీక్ష. అది కరెంటునే చూపిస్తుంది. ఆ కరెంటుకు గుండె ముడుచుకుంటోందో లేదో చూపించదు. ఈ తేడా చదువుకునే రోజుల్లోనే చెప్పారు. అర్థమైంది మాత్రం యాదగిరి మేస్త్రీ మంచం పక్కన.

ఆయనంటే నాకు కోపం. దాచుకోను. ఒకసారి డిస్పెన్సరీ నిండా జనం ఉండగా, "ఈ పిల్ల తీగలు తగిలిస్తే ఉన్న గుండె గూడ ఆగుతది, మొగోణ్ని పిలువుండ్రి" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది. తర్వాత పెద్దాసుపత్రిలో ఆయనకు పేస్‌మేకర్ పెట్టారు. కుడి భుజానికి దిగువన, చర్మం లోపల చిన్న పెట్టె, దాన్నుంచి గుండెలోకి తీగ. గుండె మందగించినప్పుడు అది కరెంటు ఇచ్చి కొట్టుకునేలా చేస్తుంది.

ఆ మధ్యాహ్నం ఆయన కొడుకు రాజు మోకాళ్ల లోతు నీళ్లలో పడుతూ లేస్తూ వచ్చాడు. నాన్న అన్నం తిని పడుకున్నాడు, ఎంత లేపినా లేవడం లేదన్నాడు. డాక్టరుగారు దాదర్ దగ్గర నీళ్లలో చిక్కుకుపోయారు. "మిషన్ తీసుకుని నువ్వు ముందు వెళ్లు, నేను వస్తున్నా" అని ఫోన్‌లో చెప్పారు. వెళ్లాను. యాదగిరి నన్నన్న మాట మనసులో పెట్టుకునే వెళ్లాను.

చాళీలో, అంటే వరస గదుల పాత మేడలో, పైఅంతస్తు గది. వరండా నిండా మనుషులు. వాళ్లందరిదీ ఒకటే తొందర, మనిషిని మంచం మీంచి దించాలని. మావాళ్లలో ప్రాణం నేల మీద పోవాలి, మంచం మీద పోతే దోషం. యాదగిరి భార్య లచ్చమ్మ మంచానికి అడ్డంగా కూర్చుంది.

"బతికున్న మనిషిని కింద పండబెడ్తరా? మీకు జీవిడిసెటందుకు అంత జల్దీ ఉంటే మీరే పండుండ్రి!"

నేను చూశాను. ఊపిరి లేదు, మెడ దగ్గర నాడి లేదు. టార్చి వేస్తే కంటిపాపలు కదల్లేదు. పాదాలు చల్లబడ్డాయి. ఛాతీ నొక్కి బతికించే వేళ దాటిపోయింది. అయినా పోయాడని చెప్పే అధికారం నాది కాదు కాబట్టి తీగలు తగిలించాను.

మిషన్ బీప్ మంది. మళ్లీ బీప్. తప్పకుండా, తడబడకుండా.

"అక్కా, గుండె కొట్టుకుంటుంది! బీట్ చాలూ ఉంది!" అని రాజు కేక పెట్టాడు. వరండాలో వాళ్లంతా గుమ్మంలోకి తోసుకొచ్చారు.

కాగితం చూశాను. సన్నటి నిలువు గీతలు, ఒకే ఎడంలో. గుండె జవాబిస్తే ప్రతి గీత వెనకా గుట్టలాంటి ఒక వంపు లేవాలి. ఏమీ లేదు. పెట్టె అడుగుతోంది, గుండె పలకడం లేదు.

చెప్పబోతుండగా లచ్చమ్మ నా చెయ్యి లాగి ఆయన ఛాతీ మీద పెట్టింది. "చూడు బిడ్డా, కొట్టుకుంటలేదా?"

నా వేళ్ల కింద ఏదో కదిలింది. బీప్ మన్నప్పుడల్లా కదిలింది. చెయ్యి తీయాలనిపించింది, తీయలేకపోయాను.

తర్వాత గమనించాను, మా చేతులున్నది కుడివైపు, పెట్టె మీద. ఆమె చేతిని మెల్లగా ఎడమవైపు జరిపాను. అక్కడ ఏమీ లేదు. ఆమె చెవి ఆనించి చాలాసేపు వింది.

"మరి ఇటు కదులుతున్నదేంది?"

చెప్పాను. చేతి కండ, ఛాతీ కండ మెదడు నుంచి నరం కబురు తెస్తేనే ముడుచుకుంటాయి. పిడికిలి బిగిస్తే బిగించినంతసేపు ఉంచగలం. గుండె కండ వేరు. ఎవరి కబురూ అక్కర్లేదు, కరెంటు దానిలోనే పుట్టి ఒక కణం నుంచి పక్క కణానికి పాకి అంతటినీ కలిపి ముడుస్తుంది. ముడుచుకున్న ప్రతిసారీ వదులు కావాల్సిందే, పిడికిలిలా బిగిసి ఉండలేదు. దానికి విశ్రాంతంటే ఆ వదులే. అందుకే ప్రాణవాయువు అందకపోతే ముందు అదే ఓడిపోతుంది. ఛాతీ కండ మొండిది. మనిషి పోయాక కూడా కాసేపు, నరం కబురు లేకున్నా ఈ పెట్టె కరెంటు తగిలితే అదురుతుంది. ఇంత వరసగా చెప్పలేదు, తడబడుతూ చెప్పాను.

"గుండె ఆగింది పెద్దమ్మా. ఈ కండ ఒక్కటే ఇంకా ఉంది."

వరండాలోంచి చాళీ సెక్రటరీ అన్నాడు: "అంటే మంచం మీదనే పోయిండన్నట్టు. నీ మిషన్ ఖరాబ్ గాదు గదా?" డిస్పెన్సరీలో ఆ రోజు నవ్విన వాళ్లలో ఆయనా ఉన్నాడు.

లచ్చమ్మ ఆయన వైపు చూడలేదు. నన్నే అడిగింది. "ఈ కండ ఈయనదే గదా?"

"ఆయనదే."

"బతికే ఉన్నది గదా?"

ఇంకొకరైతే ఏమనేవారో నాకు తెలియదు. నాకు అబద్ధం చెప్పాల్సిన పని పడలేదు. "ఉంది పెద్దమ్మా" అన్నాను.

ఆమె లేచి పక్కకు జరిగింది. "దించుండ్రి. ఇంక మొత్తం పోలేదు మా ఆయన. ఉన్నదన్న నేల మీద పోనీ."

తీగలతోనే దించారు. ఆమె కుడివైపు చెయ్యి వేసి కూర్చుంది. డాక్టరుగారు తడిసిన బట్టలతో వచ్చి, పరీక్షించి, తల అడ్డంగా ఊపారు. చితి మీద పేస్‌మేకర్ పేలుతుంది, సాయంత్రం తీయించాలని రాజుకు చెప్పారు. ఆ మాటల మధ్యలోనే లచ్చమ్మ ఆయన ఛాతీ మీంచి చెయ్యి తీసి, తనంతట తానే "ఆగింది" అంది. కాగితం మీద గీతలు పడుతూనే ఉన్నాయి. నేను మిషన్ ఆపాను.

సెక్రటరీ నా మిషన్ తప్పు చూపించిందని చాళీ అంతా చెప్పాడు. మిషన్ అబద్ధమాడలేదని కనబడినప్పుడల్లా ఆయనకు చెబుతూనే ఉన్నాను, ఇంకా చెబుతాను. యాదగిరిని కూడా క్షమించలేదు. కానీ ఆ రోజు నుంచి, గీత ఎంత చక్కగా పడుతున్నా, ముందు మనిషి మెడ మీద వేళ్లు పెట్టి చూశాకే కాగితాన్ని ఇంటివాళ్ల వైపు తిప్పుతాను. మనిషి ఒక్కసారిగా పోడు, ఒక్కో కండా తన వేళ చూసుకుని పోతుంది. ఎప్పుడు పోయాడని ఎవరైనా అడిగితే, ఏ కండ సంగతని ముందు అడగాలనిపిస్తుంది.